నడిసంద్రంలో దొంగ దొరికాక

2024 మార్చి 16న అరేబియా సముద్రంలో, మన తీరానికి దాదాపు 2,600 కిలోమీటర్ల దూరంలో, 'రూయెన్' అనే సరుకు ఓడను భారత నౌకాదళం విడిపించింది. అంతకు మూడు నెలల ముందు సోమాలియా దొంగలు ఆ ఓడను పట్టుకుపోయారు. దాన్నే స్థావరంగా చేసుకుని మిగతా ఓడల మీద పడటానికి బయలుదేరారు. ఐఎన్ఎస్ కోల్‌కతా దారికి అడ్డుపడింది. సీ-17 రవాణా విమానంలోంచి నౌకాదళపు మార్కోస్ కమాండోలు పారాచూట్లతో సముద్రంలోకి దూకారు. 40 గంటల పాటు సాగిన ఆ ఆపరేషన్‌లో 17 మంది నావికులు ప్రాణాలతో బయటపడ్డారు, 35 మంది దొంగలు లొంగిపోయారు. టీవీల్లో మనం చూసింది ఇంతవరకే.

ఆ తర్వాతి వారం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. యుద్ధనౌక మీద 35 మంది ఖైదీలు ఉన్నారు. వాళ్ల తిండి, నీళ్లు, వైద్యం చూడాలి. ఎవరి దగ్గర ఏ ఆయుధం దొరికిందో రాసిపెట్టాలి. తుపాకులు, తూటాలు, ఫోన్లు విడివిడిగా సీలు వేసి భద్రపరచాలి. ఓడ సిబ్బంది ఇళ్లకు వెళ్లిపోకముందే వాంగ్మూలాలు తీసుకోవాలి. వాళ్లలో బల్గేరియా వాళ్లున్నారు, మయన్మార్ వాళ్లున్నారు. ఓడ మీద ఎగురుతున్నది మాల్టా జెండా. మార్చి 23న కోల్‌కతా ముంబై చేరి ఆ 35 మందినీ పోలీసులకు అప్పగించింది. అసలు కేసు అప్పుడు మొదలైంది.

సముద్ర భద్రతా దళాలకు అంతర్జాతీయ శిక్షణ అనగానే మనకు గుర్తొచ్చేది హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని ఓడ మీదకు జారే కమాండోలు, బారులు తీరి సాగే యుద్ధనౌకలు. అవీ కావాల్సినవే. కానీ గత పాతికేళ్ల అనుభవం తిరగేస్తే, దేశాలు చేతులు కాల్చుకుని నేర్చుకున్న పాఠాల్లో ఎక్కువ భాగం దొంగ చేతికి చిక్కిన తర్వాతి పనికి సంబంధించినవే. ఒక దేశపు నౌకాదళం ఎంత బలమైనదైనా ఆ పని ఒంటరిగా పూర్తి చేయలేదు. సహకారం అన్న మాటకు అక్కడే బరువు.

పట్టుకున్నాం, కేసు నిలవలేదు

1999 అక్టోబరులో 'అలోండ్రా రెయిన్‌బో' అనే ఓడ ఇండోనేషియాలోని కువాలా తంజుంగ్ నుంచి దాదాపు 7,000 టన్నుల అల్యూమినియం దిమ్మెలతో జపాన్‌కు బయలుదేరింది. దారిలో దొంగలు ఎక్కారు. సిబ్బందిని ఒక తెప్పలోకి ఎక్కించి సముద్రంలో వదిలేశారు. రోజుల తరబడి కొట్టుకుపోయిన ఆ నావికులను థాయిలాండ్ చేపల పడవ కాపాడింది. ఈలోగా దొంగలు ఓడకు రంగు మార్చి, 'మెగా రామా' అని కొత్త పేరు రాసి, అరేబియా సముద్రం వైపు నడిపించారు.

కౌలాలంపూర్‌లో ఓడ దొంగతనాల సమాచారం సేకరించే అంతర్జాతీయ కేంద్రం ఒకటుంది. అక్కడి నుంచి అన్ని దేశాలకూ కబురు వెళ్లింది. మన కోస్ట్ గార్డ్ డోర్నియర్ నిఘా విమానం అనుమానాస్పదమైన ఓడను గుర్తించింది. కోస్ట్ గార్డ్ నౌక తారాబాయి వెంటపడింది. దొంగలు ఆగలేదు. నౌకాదళం నుంచి ఐఎన్ఎస్ ప్రహార్ వచ్చి కలిసింది. చివరికి దొంగలు ఓడకు నిప్పుపెట్టి, ముంచేయాలని కూడా చూశారు. మన వాళ్లు ఓడనూ కాపాడారు, దొంగలనూ పట్టుకున్నారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఓడను దొంగిలించిన ముఠాను నడిసముద్రంలో సరుకుతో సహా పట్టుకోవడం ఆ రోజుల్లో చాలా అరుదు.

ముంబైలో విచారణ జరిగింది. 2003లో కింది కోర్టు వాళ్లకు ఏడేళ్ల జైలు వేసింది. 2005లో బొంబాయి హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

కారణం వెతికితే తప్పు ఏ ఒక్కరి మీదకూ పోదు. అప్పటి భారతీయ శిక్షాస్మృతిలో సముద్రపు దోపిడీ అన్న నేరమే లేదు. నేరం జరిగింది ఇండోనేషియా దగ్గర. ఓడ పనామాలో నమోదైంది, యజమానులు జపాన్ వాళ్లు, సిబ్బందిలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్లు, నిందితులు ఇండోనేషియన్లు, పట్టుకున్నది భారత్. ఇన్ని దేశాలు ముడిపడిన ఒక కేసును, భూమి మీది దొంగతనాల కోసం రాసిన సెక్షన్లతో నడిపించాల్సి వచ్చింది. కోస్ట్ గార్డ్, నౌకాదళం తమ పని అద్భుతంగా చేశాయి. వాళ్ల వెనకాల ఉండాల్సిన చట్టం అప్పటికి పుట్టలేదు. సముద్రపు దోపిడీ నిరోధక చట్టం మనకు 2022లో వచ్చి, 2023లో అమల్లోకి వచ్చింది. అలోండ్రా రెయిన్‌బో పట్టుబడిన ఇరవై మూడేళ్లకు! రూయెన్ దొంగలను ధైర్యంగా ముంబైకి తీసుకురాగలిగామంటే ఆ చట్టం చేతిలో ఉండబట్టే.

నీటి మీద ఎవరి అధికారం ఎంతవరకు

ఐక్యరాజ్యసమితి 1982 నాటి సముద్ర చట్టం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు సొంత జలాలు. అక్కడ ఓడ మీద దాడి జరిగితే అది ఆ దేశంలో జరిగిన సాయుధ దోపిడీ కింద లెక్క. వేరే దేశపు నేవీ అనుమతి లేకుండా వేలు పెట్టకూడదు. అక్కడి నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు చేపలు, చమురు లాంటి వనరుల మీద తీరదేశానికి హక్కు ఉంటుంది కానీ, అటుగా పోయే ఓడల మీద పెత్తనం ఉండదు. ఓడ ఏ దేశపు జెండా ఎగరేస్తే మామూలుగా ఆ దేశపు చట్టమే దానికి వర్తిస్తుంది.

సముద్రపు దోపిడీకి మాత్రం ఒక మినహాయింపు ఉంది. సొంత జలాల అవతల దోపిడీకి దిగిన వాళ్లను ఏ దేశపు యుద్ధనౌక అయినా పట్టుకోవచ్చు, పట్టుకున్న దేశపు కోర్టు విచారించవచ్చు. అయితే ఇది అధికారమే తప్ప బాధ్యత కాదు. పట్టుకున్న దేశం విచారించి తీరాలని ఆ చట్టం ఎక్కడా కట్టడి చేయలేదు. సోమాలియా దొంగల సమస్య ముదిరినప్పుడు ఈ సందు ఎంత పెద్దదో తెలిసొచ్చింది.

2008 చివరి నుంచి యూరప్ దేశాలు, అమెరికా, భారత్, చైనా, రష్యా, జపాన్ తమ నౌకలను యెమెన్, సోమాలియాల మధ్య ఉన్న ఏడెన్ సింధుశాఖకు పంపాయి. భారత నౌకాదళం ఆ ఏడాది అక్టోబరు నుంచే అక్కడ ఉంది. సోమాలియా ప్రభుత్వం బలహీనంగా ఉండటంతో, ఆ దేశపు జలాల్లోకి వెళ్లడానికి భద్రతామండలి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. ఇన్ని నౌకలు తిరుగుతున్నా దొంగలు తగ్గలేదు. 2011లో సోమాలియా దొంగలు చేసిన దాడులు 237. అదే ఏడాది జనవరిలో ఐక్యరాజ్యసమితి సలహాదారు జాక్ లాంగ్ ఇచ్చిన నివేదికలో ఒక మాట ఉంది: పట్టుబడిన దొంగల్లో నూటికి 90 మందికి పైగా ఏ విచారణా లేకుండానే బయటపడుతున్నారని. కోట్ల ఖర్చుతో నౌకను నడిపి, ప్రాణాలకు తెగించి పట్టుకుని, ఆయుధాలు నీళ్లలో పారేసి, పడవలో ఇంధనం పోసి ఇంటికి పంపేయడం! ఎందుకంటే వాళ్లను ఎక్కడికి తీసుకెళ్లాలో ఎవరికీ తెలియదు.

ఇదేదో పాత ముచ్చట అనుకోవడానికి లేదు. 2021 నవంబరులో పశ్చిమ ఆఫ్రికా దగ్గరి గినియా సింధుశాఖలో డెన్మార్క్ యుద్ధనౌక ఎస్బర్న్ స్నేర్ అనుమానిత దొంగల పడవను అడ్డుకుంది. కాల్పుల్లో నలుగురు చనిపోయారు, నలుగురు చిక్కారు. వాళ్లను తీసుకోవడానికి ఆ చుట్టుపక్కల ఏ దేశమూ ముందుకు రాలేదు. వారాల తరబడి నౌక మీదే ఉంచుకుని, ముగ్గురిని తిండి, ఇంధనం ఇచ్చి చిన్న పడవలో వదిలేశారు. గాయపడి కాలు పోగొట్టుకున్న నాలుగో మనిషిని డెన్మార్క్ తీసుకెళ్లి విచారించారు. కోర్టు నేరం రుజువైందన్నది, శిక్ష మాత్రం వేయలేదు. తనతో ఉన్న ముగ్గురినీ వదిలేసి ఇతనొక్కడికే శిక్ష వేయడం ఎలా అన్న ప్రశ్న అందులో ఉంది. ఆ నలుగురిని అప్పగించే ఒప్పందం ముందే ఒక ఆఫ్రికా దేశంతో ఉండి ఉంటే కథ వేరేగా నడిచేది.

పంచనామా పాఠాలు

అలాంటి ఒప్పందాలు తూర్పు ఆఫ్రికాలో ఎలా పుట్టాయో చూస్తే శిక్షణ అంటే ఏమిటో బాగా అర్థమవుతుంది.

మొదట కెన్యా ఒప్పుకుంది. నేవీలు పట్టుకున్న వాళ్లను కెన్యా రేవు మొంబాసాలో దింపితే అక్కడి కోర్టులు విచారిస్తాయి. కొద్దికాలానికే కెన్యా కోర్టులు, జైళ్లు నిండిపోయాయి. పెద్ద దేశాలు దొంగలను తెచ్చి దింపేసి వెళ్లిపోతున్నాయన్న అసంతృప్తి మొదలైంది. 2010లో ఆ ఒప్పందాల నుంచి తప్పుకుంటున్నట్టు కెన్యా చెప్పేసింది. ఆ కోపం న్యాయమైనదే అని నా అభిప్రాయం. భారం మోసే దేశానికి దానికి తగ్గ సాయం అందకపోతే సహకారం ఎక్కువ కాలం నిలవదు.

తర్వాత హిందూ మహాసముద్రంలోని చిన్న ద్వీపదేశం సీషెల్స్ ముందుకొచ్చింది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం ఒక ఏర్పాటు చేసింది. విచారణ కెన్యా, సీషెల్స్, మారిషస్ లాంటి దేశాల్లో. శిక్ష పడితే జైలు మాత్రం సోమాలియా ప్రాంతంలోనే. అందుకోసం హర్గీసా, గరోవే పట్టణాల్లో జైళ్లు కట్టించారు. ఖైదీలకు వాళ్ల భాష తెలిసిన చోట, వాళ్ల వాళ్లు వచ్చి చూడగలిగిన చోట శిక్ష అనుభవించే వీలు కలిగింది.

ఇక్కడే నావికులకు కొత్త చదువు అవసరమైంది. మన ఊళ్లో ఇంట్లో దొంగ పడితే పోలీసులు వచ్చి, ఇద్దరు మధ్యవర్తుల ముందు పంచనామా రాసి, వస్తువులు స్వాధీనం చేసుకుంటారు. తీరానికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో, ఊగుతున్న పడవ మీద, ఆ పోలీసూ మధ్యవర్తీ కూడా ఇరవై రెండేళ్ల సెయిలరే కావాలి. అతనికి తెలిసింది తుపాకీ పట్టడం. ఇప్పుడు అతను పడవ ఎక్కకముందే కెమెరా ఆన్ చేయాలి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, నిచ్చెన ఎక్కడుందో, ఏ చేతిలో ఏముందో కదిలించకముందే ఫొటో తీయాలి. చేపల వేటకు వచ్చామని వాళ్లంటే వలలు, ఐసు, చేపలు ఉన్నాయో లేవో రాయాలి. పొడవాటి నిచ్చెన, కొక్కేలు, ఓడను వెంటాడే వేగమున్న ఇంజన్లు ఉండి, వలే లేకపోతే అదే సాక్ష్యం. దొంగలు నేవీ కనపడగానే నిచ్చెన, తుపాకులు నీళ్లలో పడేస్తారు కాబట్టి, హెలికాప్టర్ నుంచి ముందే తీసిన వీడియో ఉంటే కేసు బతుకుతుంది. లేకపోతే పోతుంది. ఏ తుపాకీ ఎవరి చేతుల మీదుగా ఎప్పుడు ఎక్కడికి మారిందో సంతకాలతో ఒక్క లింకు కూడా తెగకుండా కోర్టుకు చేరాలి. ఆర్నెల్ల తర్వాత అదే సెయిలర్ సెలవు పెట్టి, మొంబాసాలోనో సీషెల్స్ రాజధాని విక్టోరియాలోనో బోనెక్కి, డిఫెన్స్ లాయరు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

ఆలస్యం కూడా దెబ్బ తీస్తుంది. 2008లో ఫ్రాన్స్ తన పౌరుల ఓడలను విడిపించి సోమాలియా దొంగలను స్వదేశానికి తీసుకెళ్లింది. అక్కడ దిగాక వెంటనే న్యాయమూర్తి ముందు నిలబెట్టకుండా మరో రెండు రోజులు పోలీసుల దగ్గర ఉంచింది. 2014లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం అది తప్పని తేల్చి, ఆ నిందితులకు పరిహారం ఇమ్మంది. ఈ తీర్పు చదివి చాలామందికి ఒళ్లు మండింది. నాకు మాత్రం అందులో మంచే కనిపిస్తుంది. చట్టం పేరుతో ఓడ ఎక్కినవాడు ఆ చట్టానికి తానూ కట్టుబడాలి. అది ముందే తెలిసిన దళం నౌక రేవుకు చేరకముందే న్యాయమూర్తి అపాయింట్‌మెంట్ సిద్ధం చేసుకుంటుంది.

2013 నాటికి సోమాలియా దాడులు 15కి పడిపోయాయి. ఆ ఘనత ఒక్క కోర్టులదే అనలేం. ఓడల మీద సాయుధ కాపలాదారులు వచ్చారు, సిబ్బంది దాక్కునే ఉక్కు గదులు వచ్చాయి, ముళ్ల కంచెలు వచ్చాయి, నౌకల గస్తీ పెరిగింది. అయితే పట్టుబడినా వదిలేస్తారులే అన్న ధీమా పోవడం కూడా ఆ జాబితాలో ఉండాల్సిందే.

చిన్న దేశం, పెద్ద సముద్రం

సీషెల్స్ జనాభా లక్షకు కాస్త అటూ ఇటూ. దాని ఆర్థిక మండలి, అంటే వనరుల మీద హక్కున్న 200 నాటికల్ మైళ్ల పరిధిలోని సముద్రం 13 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అందులో సుమారు ఐదో వంతే. ఇంత నీటికి కాపలా ఉండాలంటే ఆ దేశానికి మనుషులే చాలరు, ఇక నౌకల మాట చెప్పేదేముంది.

2005లో భారత్ తన నౌక ఐఎన్ఎస్ తర్ముగ్లీని సీషెల్స్‌కు ఇచ్చింది. అక్కడ దాని పేరు టోపాజ్. 2010లో అదే టోపాజ్ దొంగల చెరలో ఉన్న సీషెల్స్, ఇరాన్ మత్స్యకారులను విడిపించింది. తర్వాత డోర్నియర్ విమానం, మరికొన్ని నౌకలు, తీరం వెంట రాడార్లు వెళ్లాయి. నౌక ఇస్తే ఫొటో వస్తుంది. దాని ఇంజన్ ఐదేళ్ల తర్వాత మొరాయించినప్పుడు విడిభాగం ఎవరు పంపుతారు, విప్పి బిగించే మెకానిక్‌కు ఎవరు నేర్పారు, డోర్నియర్ రోజూ ఎగరడానికి ఇంధనం ఎక్కడి నుంచి వస్తుంది అన్నవాటికి ఫొటోలు రావు. బహుమతిగా వచ్చిన పడవలు మరమ్మతు లేక రేవులో తుప్పుపట్టడం చిన్న దేశాల కోస్ట్ గార్డులకు కొత్త కాదు. శిక్షణలో సగం వర్క్‌షాపులోనే జరగాలని గట్టిగా అనిపిస్తుంది.

ఎవరు దొంగ, ఎవరు జాలరి

2008 నవంబరులో ఐఎన్ఎస్ తబర్ ఏడెన్ సింధుశాఖలో దొంగల పెద్ద పడవను పేల్చేసింది. వాళ్లు ఆయుధాలతో బెదిరించారని నౌకాదళం చెప్పింది. కొద్ది రోజులకు తెలిసిందేమంటే, అది దొంగలు అప్పుడే పట్టుకున్న థాయిలాండ్ చేపల ట్రాలర్. దాని సిబ్బంది బందీలుగా లోపలే ఉన్నారు. చాలామంది గల్లంతయ్యారు. ఆ ట్రాలర్ చిక్కిందన్న కబురు సమయానికి అందరికీ అందే దారి అప్పటికి సరిగా లేదు.

2012 ఫిబ్రవరిలో కేరళ తీరంలో ఇటలీ చమురు ఓడ ఎన్రికా లెక్సీ మీద కాపలా ఉన్న ఆ దేశపు సైనికులు, దగ్గరగా వచ్చిన చేపల బోటును దొంగల పడవ అనుకుని కాల్చారు. ఇద్దరు జాలర్లు చనిపోయారు. ఆ సైనికులను విచారించే హక్కు ఎవరిదన్న వివాదం ఎనిమిదేళ్లు నడిచింది. అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ హక్కు ఇటలీదే అంది. పది కోట్ల రూపాయల పరిహారం జమయ్యాక 2021లో సుప్రీంకోర్టు మన దేశంలోని కేసును ముగించింది.

భయపడిన చేతిలో తుపాకీ ఉంటే ముందు పోయేది పేదవాడి ప్రాణమే. మన తూర్పు తీరంలో రోజూ వేటకు వెళ్లే బోట్లు కూడా పెద్ద ఓడలకు దూరం నుంచి అలాగే కనిపిస్తాయి. కొన్ని చోట్ల వలను కాపాడుకోవడానికి జాలర్లే ఓడ వైపు వేగంగా వెళ్లి చేతులు ఊపుతారు. ఈ తేడా కనిపెట్టడం నేర్పని శిక్షణ ఎంత ఖరీదైనదైనా అసంపూర్ణమే.

తేడా కనిపెట్టాలంటే ముందు సముద్రం మీద ఎవరెక్కడున్నారో తెలియాలి. అంతర్జాతీయ ప్రయాణం చేసే 300 టన్నుల పైబడిన ఓడలన్నీ తమ పేరు, దారి, వేగం రేడియో ద్వారా చెబుతూ ఉండాలన్న నియమం ఉంది. చిన్న పడవలకు అది వర్తించదు. తప్పుడు పని మీద వెళ్లే ఓడ ఆ రేడియో పరికరాన్ని ఆపేస్తుంది. 2008 నవంబరు 26 నాటి ముంబై దాడికి వచ్చినవాళ్లు 'కుబేర్' అనే గుజరాత్ చేపల బోటును పట్టుకుని, ఎవరికీ అనుమానం రాకుండా ఊరి దాకా వచ్చారు. ఆ దెబ్బ తర్వాతే మన తీరమంతా రాడార్ గొలుసు, జాలర్లకు గుర్తింపు కార్డులు వచ్చాయి, మెరైన్ పోలీసు స్టేషన్లు పెరిగాయి.

2018లో గురుగ్రామ్‌లో హిందూ మహాసముద్ర సమాచార కేంద్రం మొదలైంది. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఆ గదుల్లో డజనుకు పైగా దేశాల నౌకాదళ అధికారులు పక్కపక్కనే కూర్చుని పనిచేస్తున్నారు. సింగపూర్, మడగాస్కర్‌లలోనూ ఇలాంటి కేంద్రాలున్నాయి. ఒక ఓడ అకస్మాత్తుగా మాయమైతే, దాని జెండా దేశానికి, యజమానికి, దగ్గర్లోని నౌకకు నిమిషాల్లో కబురు వెళ్లాలి. మెయిల్ పంపి జవాబు కోసం ఎదురుచూసే కంటే, పక్క కుర్చీలోని శ్రీలంక అధికారిని భుజం తట్టి అడగడం వేగమైన దారి. వాళ్లు స్వదేశానికి వెళ్లి పెద్ద పదవుల్లోకి వచ్చాక కూడా ఆ పరిచయం పనికొస్తుంది.

విశాఖలో కలిసేవాళ్లు

1995లో పోర్ట్ బ్లెయిర్‌లో ఇండోనేషియా, సింగపూర్, శ్రీలంక, థాయిలాండ్ నౌకాదళాలతో 'మిలన్' విన్యాసాలు మొదలయ్యాయి. 2022 నుంచి విశాఖపట్నం వేదికైంది. 2024 ఫిబ్రవరిలో సుమారు 50 దేశాలు పాల్గొన్నాయి. బీచ్ రోడ్డులో కవాతు చూసిన విశాఖవాసులకు అదొక పండగ. లోపల జరిగే పని వేరు. ఒక నౌక నుంచి మరో నౌకకు నడుస్తూనే ఇంధనం పట్టడం, సంకేతాలు కలవడం, ఒకరి హెలికాప్టర్ మరొకరి డెక్ మీద దిగడం లాంటివన్నీ ముందు కలిసి చేసి ఉంటేనే అవసరానికి సాధ్యమవుతాయి. అదే నగరంలోని ఐఎన్ఎస్ శాతవాహన జలాంతర్గామి శిక్షణ కేంద్రం. వియత్నాం నావికులకు అక్కడ 2013 నుంచి శిక్షణ ఇచ్చారు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 2025 ఏప్రిల్‌లో కార్వార్ నుంచి బయలుదేరిన ఐఎన్ఎస్ సునయన ప్రయాణం. కొమొరోస్, కెన్యా, మడగాస్కర్, మాల్దీవులు, మారిషస్, మొజాంబిక్, సీషెల్స్, శ్రీలంక, టాంజానియా దేశాల నావికులు 44 మంది కొచ్చిలో శిక్షణ పొంది, మన సిబ్బందితో కలిసి ఆ నౌకను నడిపారు. ఒకే వంటశాలలో తిన్నారు, ఒకే గస్తీలో నిలబడ్డారు, దార్ ఎస్ సలాం నుంచి విక్టోరియా దాకా ఒకరి సముద్రాన్ని ఒకరు కాపలా కాశారు. వారం రోజుల విన్యాసంలో అతిథి అతిథిగానే మిగిలిపోతాడు. నెల రోజులు కలిసి డ్యూటీ చేస్తే పని నేర్చుకుంటాడు, మనకూ నేర్పుతాడు. మొజాంబిక్ జలాల్లో ఏ పడవ ఏ కాలంలో ఎందుకు తిరుగుతుందో మొజాంబిక్ నావికుడికంటే మనకెక్కువ తెలియదు కదా.

తేలని లెక్కలు

మాదకద్రవ్యాల దగ్గరికి వస్తే మళ్లీ పాత సందే ఎదురవుతుంది. బహ్రెయిన్ కేంద్రంగా పనిచేసే ఉమ్మడి నౌకాదళాల కూటమిలో భారత్ ఇప్పుడు పూర్తి సభ్యురాలు. 2025 మార్చి 31న ఐఎన్ఎస్ తర్కష్ పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఒక పడవ నుంచి 2,500 కిలోలకు పైగా హషీష్, హెరాయిన్ పట్టుకుంది. ఇంత సరుకు యువత చేతికి చేరకుండా ఆపడం చిన్న విషయం కాదు. కానీ దోపిడీలాగా మాదకద్రవ్యాల రవాణాను ఏ దేశమైనా విచారించే వీలు అంతర్జాతీయ చట్టంలో లేదు. ఏ జెండా లేని పడవను ఎక్కి సోదా చేయవచ్చు గానీ, ఆ తర్వాత మనుషులను ఏం చేయాలన్నదానికి చాలా దేశాల చట్టాల్లో జవాబు లేదు. అందుకే ఆ కూటమి గస్తీల్లో సాధారణంగా సరుకు ధ్వంసమవుతుంది, పడవ నడిపేవాళ్లు వెళ్లిపోతారు. పంపినవాడు ఎవరో కోర్టుకెక్కడు. దోపిడీ విషయంలో తూర్పు ఆఫ్రికాలో కుదిరిన ఏర్పాటు ఇక్కడ ఇంకా కుదరాలి.

శిక్షణ చెడ్డ చేతుల్లో పడే ప్రమాదమూ ఉంది. యూరోపియన్ యూనియన్ 2016 నుంచి లిబియా కోస్ట్ గార్డుకు శిక్షణ, సాయం అందించింది. వలసదారులను సముద్రంలో అడ్డుకుని వెనక్కి తీసుకెళ్లే పని ఆ దళానిది. అలా వెనక్కి వెళ్లినవాళ్లు నిర్బంధ కేంద్రాల్లో చిత్రహింసలు, బానిసత్వం అనుభవించారని 2023లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం తేల్చింది. లిబియాలోని జావియా ప్రాంత కోస్ట్ గార్డు విభాగాధిపతి మీద మనుషుల అక్రమ రవాణా ఆరోపణలతో భద్రతామండలి 2018లోనే ఆంక్షలు పెట్టింది. మన దగ్గరా ఆలోచించాల్సింది ఉంది. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో మరమ్మతు చేసిన ఐఎన్ఎస్ సింధువీర్ జలాంతర్గామిని 2020లో మయన్మార్‌కు ఇచ్చాం. 2021 ఫిబ్రవరిలో అక్కడి సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది. పొరుగుదేశాన్ని చైనాకు వదిలేయలేమన్న వాదన నాకు తెలుసు, దాని బరువూ తెలుసు. అయినా ఏ దళానికి ఏం నేర్పుతున్నాం, అది తన ప్రజల మీద తిరగబడితే మనమేం చేస్తాం అన్న షరతు ముందే రాసుకోకపోతే, ఆ తర్వాత చేయగలిగింది ఏమీ ఉండదు.

సరిహద్దు దాటిన బోటు

తెలుగు కుటుంబాలకు ఈ విషయం అన్నిటికంటే దగ్గరగా తాకేది గుజరాత్ తీరంలో. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్లిన మనవాళ్లను పాకిస్థాన్ సముద్ర భద్రతా సంస్థ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర తిరిగి మన నేల మీద కాలుపెట్టారు. గుజరాత్, పాకిస్థాన్‌ల మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర రెండు దేశాల సముద్ర సరిహద్దు ఇప్పటికీ తేలలేదు. నీటి మీద గీత కనపడదు, చేపకు సరిహద్దు తెలియదు, బోటు నడిపే సరంగు చెప్పిన చోటికి కూలివాళ్లు వెళ్తారు.

ఇంత శత్రుత్వం ఉన్నా, మన కోస్ట్ గార్డ్, పాకిస్థాన్ సముద్ర భద్రతా సంస్థ 2005లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. హాట్‌లైన్ ఉంది. ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అయినా జాబితాలో పేరెక్కిన మనిషి ఇంటికి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

బంగ్లాదేశ్ వైపు చూస్తే ఇంకో దారి కనిపిస్తుంది. ఆ దేశంతో సముద్ర సరిహద్దు వివాదాన్ని 2014లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తేల్చింది. 2024 చివర్లో రెండు వైపులా మత్స్యకారులు పట్టుబడ్డారు. ఢాకాతో సంబంధాలు అప్పుడు ఏమంత బాగా లేవు. అయినా 2025 జనవరి 5న రెండు దేశాల కోస్ట్ గార్డులు సముద్ర సరిహద్దు గీత దగ్గర కలుసుకుని, 95 మంది భారతీయులను, 90 మంది బంగ్లాదేశీయులను నీటి మీదే ఒకరికొకరు అప్పగించుకున్నాయి. పశ్చిమాన కూడా అలాంటి పద్ధతి ఒకటి కావాలి. అనుమానం లేని చేపల బోటును అక్కడికక్కడే తనిఖీ చేసి, అవతలి దళానికి రేడియోలో చెప్పి, వెనక్కి పంపేసే ఏర్పాటు. దానికి కొత్త యుద్ధనౌకలు అక్కర్లేదు. రెండు దళాల దగ్గరా ఒకే తనిఖీ ఫారం, ఒకే రేడియో ఛానల్, జాలరి మాట అర్థం చేసుకోగల మనిషి ఉంటే చాలు.